ఇంటర్వ్యూ బల్లకు ఆ వైపు కూర్చునే మన తెలుగువాళ్లకు ఒక బహిరంగ లేఖ

అమెరికా ఫార్మసీ కాలేజీల అడ్మిషన్ ప్యానెళ్లలో కూర్చునే తెలుగు ప్రొఫెసర్లకు, ప్రిసెప్టర్లకు (పని చోట విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఫార్మసిస్టులకు), పూర్వ విద్యార్థులకు నమస్కారం.

మీరు కొద్దిమంది కాదు, చాలామందే ఉన్నారు. కాకతీయలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో బి.ఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి పీహెచ్‌డీ చేసి, ఫార్మాస్యూటిక్స్, ఫార్మకాలజీ పాఠాలు చెబుతున్నవాళ్లు ఉన్నారు. హాస్పిటల్లోనో రిటైల్‌లోనో పని చేసుకుంటూ, కాలేజీ పిలిచినప్పుడు సెలవు పెట్టుకుని వెళ్లి ఇంటర్వ్యూలు చేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం మీరే. డీన్లకు ఇంగ్లీషులో వినతిపత్రాలు రాయడానికి అసోసియేషన్లు ఉన్నాయి. ఆ గదిలోకి వచ్చే మన పిల్లలు ఎలాంటి ఇళ్లనుంచి వస్తున్నారో, బయటికి ఏం తెలుసుకుని వెళ్తున్నారో, ఏం తెలియకుండా వెళ్తున్నారో మాత్రం మీకు అర్థమైనంతగా మరొకరికి అర్థం కాదు.

నేను రిటైల్ ఫార్మసిస్టుని. వరంగల్‌లో బి.ఫార్మసీ చేశాను. 2003 జనవరి తర్వాత డిగ్రీ తీసుకున్నవాళ్లకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలన్న నిబంధనతో నాలుగేళ్ల బి.ఫార్మసీవాళ్లకు ఎఫ్.పి.జి.ఇ.ఇ. (విదేశీ ఫార్మసీ పట్టా ఉన్నవాళ్లు ఇక్కడి లైసెన్సు కోసం రాసే పరీక్ష) రాసే దారి మూసుకుపోయింది కదా, అందుకని ఇక్కడ ఫార్మసిస్టు కావడానికి కావాల్సిన ఫార్మ్.డి. డిగ్రీ మొదటి ఏడాదినుంచీ చదివినవాళ్లలో నేనూ ఉన్నాను. అంటే ఆ ఇంటర్వ్యూ కుర్చీలో నేనూ కూర్చున్నాను. కొన్నేళ్లుగా తెలిసినవాళ్ల పిల్లలకు, వాళ్ల స్నేహితులకు శని ఆదివారాల్లో మాక్ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఇంటర్వ్యూకి ముందు వాళ్ల టెన్షన్ చూస్తాను, అయిపోయాక ఫోన్ చేసి ఏం జరిగిందో చెబితే వింటాను. ఇక్కడ రాసేదంతా అలా విన్నదే.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. పిల్లలకు దేనికి మార్కులు వేస్తున్నారో వాళ్లకు ముందుగా తెలియనివ్వండి. వాళ్లు మిమ్మల్ని అడగడానికి భయపడే ప్రశ్నలకు, వాళ్లు అడగకముందే మీరు జవాబు చెప్పండి.

ముందుగా ఇళ్ల సంగతి. మన తల్లిదండ్రులకు ఫార్మసీ అడ్మిషన్ అంటే ఎంసెట్టే. ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయింది, పద్ధతి మాత్రం అదే: ర్యాంకు వస్తుంది, సర్టిఫికెట్లు చూస్తారు, కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టుకుంటారు, సీటు అలాట్ అవుతుంది. నువ్వు ఫార్మసీకి ఎందుకొస్తున్నావు అని ఒక్కరూ అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు. అలా చదువుకుని వచ్చిన తల్లీ తండ్రీ, ఇంటర్వ్యూకి వెళ్తున్న కూతురికి ఏం చెప్పి పంపుతారు? "అడిగినదానికే జవాబు చెప్పు, పెద్దవాళ్ల ముందు ఎక్కువ మాట్లాడకు, వినయంగా ఉండు." ప్రేమతో చెప్పిన మాటలే ఇవి. కానీ స్కోరింగ్ షీట్ మీద వీటికి వ్యతిరేక దిశలో మార్కులు ఉంటాయి.

ఈ షీట్ ఎంత బరువెక్కిందో మీకు తెలుసు. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ఏసీపీఈ తన 2016 ప్రమాణాల్లోనే, అడ్మిషన్‌లో ఒక పద్ధతి ప్రకారం నడిచే ఇంటర్వ్యూ ఉండాలని రాసింది. మనిషి తీరు, ప్రవర్తన, మాట్లాడే పద్ధతి చూడాలన్నది దాని ఉద్దేశం. అప్పట్లో పక్కనే ఫార్మసీ కాలేజీల ప్రవేశ పరీక్ష పీక్యాట్ ఉండేది. ఆ పరీక్ష 2024 జనవరితో శాశ్వతంగా ఆగిపోయింది. ఇక మిగిలినవి కాలేజీ మార్కులు, ఫార్మసీ కాలేజీలన్నిటికీ ఉమ్మడిగా దరఖాస్తు చేసే ఫార్మ్‌క్యాస్‌లో రాసిన వ్యాసం, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూ. మార్కులు దగ్గరదగ్గరగా ఉన్న ఇద్దరి మధ్య తేడా తేల్చేది చాలా చోట్ల ఆ గదిలో గడిపిన అరగంటో గంటో.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్దాం. ఎంఎంఐ పద్ధతి, అంటే ఒక్కో స్టేషన్లో ఒక్కొక్కరు కాసేపు చూసి మార్కులు వేసే చిన్న ఇంటర్వ్యూల వరుస, పాటించే కాలేజీ అనుకోండి. తలుపుకి ఒక కాగితం అంటించి ఉంటుంది. చదువుకోవడానికి సాధారణంగా రెండు నిమిషాలు. "నీతో పనిచేసే టెక్నీషియన్ మాత్రలు దొంగిలిస్తోందని నీకు అనుమానం వచ్చింది. ఏం చేస్తావు?" బెల్ మోగుతుంది, లోపలికి వెళ్లాలి. నేను మాక్ చేసిన ఒక అమ్మాయి ఈ ప్రశ్నకు రెండున్నర నిమిషాల్లో చక్కటి జవాబు చెప్పింది. అనుమానం ఒకటి, రుజువు ఒకటి అంది. నిజమైతే పేషెంటుకి తక్కువ మాత్రలు వెళ్తుండవచ్చు, అది ముందు ఆపాలి అంది. తాను నేరుగా నిలదీయనని, ఫార్మసిస్ట్ ఇన్-ఛార్జికి చెబుతానని, ఆమె ఇంట్లో ఏ కష్టం ఉందో తెలియకుండా నలుగురిలో మాట జారనని అంది. చెప్పాల్సింది అయిపోయింది కాబట్టి ఆపేసింది. చూపులు బల్ల మీదికి దించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకా నాలుగు నిమిషాలకు పైగా సమయం ఉంది.

అసలు ఇంటర్వ్యూలో ఈ అమ్మాయికి ఇలాంటి స్టేషన్లోనే ఎదురుగా కూర్చున్నాయన ఒక్క మాట మాట్లాడలేదట. మాట్లాడకూడదని ఆయనకు చెప్పి ఉండవచ్చు, అది ఆయన తప్పు కాదు. ఆ మౌనం తనను ఏం చేసిందో ఆ పిల్ల నాకు ఫోన్లో చెప్పింది: "ఆంటీ, నేనేదో తప్పు చెప్పాననుకుని, చెప్పినదాన్నే మార్చి చెప్పాను." సరైన జవాబు ఇచ్చి, నిశ్శబ్దానికి భయపడి దాన్ని తనే వెనక్కి తీసుకుంది. ఇరవై ఏళ్ల పిల్ల.

ఎంఎంఐని 2000ల తొలి ఏళ్లలో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ కోసం తయారు చేశారు. దాని వెనుక ఆలోచన నాకు నచ్చుతుంది. ఒకే మనిషి గంటసేపు చూసి తీర్పు చెప్పేకన్నా, పదిమంది విడివిడిగా కాసేపు చూస్తే ఒకరి పక్షపాతం మిగతావాళ్ల మార్కుల్లో పలచబడుతుంది. కానీ పదిమందికీ "ఆత్మవిశ్వాసం" అంటే ఒకే బొమ్మ కళ్లముందు మెదిలితే పలచబడేదేముంది? కళ్లలోకి సూటిగా చూడటం, గట్టిగా మాట్లాడటం, ఆపకుండా మాట్లాడటం. ఆ బొమ్మకు సరిపోని పిల్లకు పది చోట్లా అదే మార్కు తగ్గుతుంది. అప్పుడు అది పది విడివిడి అభిప్రాయాలు ఏకీభవించినట్టు కనిపిస్తుంది.

నేను మీనుంచి మినహాయింపు అడగడం లేదు. మన పిల్ల కదా అని ఒక మార్కు కలపండి అని అడిగేంత చిన్నచూపు నాకు ఆ పిల్లల మీద లేదు. అడిగేది ఇదే: స్కోరింగ్ షీట్ తయారయ్యే సమావేశంలో మీరు ఉంటారు. అక్కడ "కాన్ఫిడెన్స్" అన్న గడి కనిపిస్తే, ఏం చూసి ఈ మార్కు వేయాలి అని అడగండి. పేషెంటుకి అర్థమయ్యేలా చెప్పగలదా? డాక్టరు ఆఫీసుతో అభిప్రాయభేదం వస్తే తగ్గకుండా, గొడవ పడకుండా మాట్లాడగలదా? అవి ఫార్మసిస్టుకి నిజంగా కావాల్సినవి. చూపులు దించడం దేనికీ రుజువు కాదు. అలాగే "నీ జవాబు అయిపోతే ఫర్వాలేదు, మిగిలిన సమయం మౌనంగా ఉండొచ్చు, మా వాళ్లు మాట్లాడరు, దాన్ని పట్టించుకోకు" అని ఇంటర్వ్యూకి ముందు ఒక్క వాక్యం పిల్లలందరికీ చెప్పించండి. ఒక్క వాక్యమే. ఏ ఊరినుంచి వచ్చిన పిల్లకైనా పనికొస్తుంది.

ఇంతకంటే లోతుగా గుచ్చుకునే విషయం ఇంకొకటి ఉంది. "ఫార్మసీలో ఎంతకాలం పని చేశావు?" అన్న ప్రశ్న.

చాలా మామూలు ప్రశ్న. టెక్నీషియన్‌గా పని చేసిన పిల్లలు ఉత్సాహంగా చెబుతారు. కానీ హెచ్-1బి మీద వచ్చి, గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ కుటుంబాల పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పాలా? తల్లిదండ్రుల హెచ్-1బి మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి లేదు. ఇరవై ఒకటి నిండగానే ఆ హోదా కూడా పోయి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారతారు, అప్పుడూ బయట ఫార్మసీలో మామూలు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. నాలుగో ఏటినుంచి ఇక్కడే పెరిగిన అబ్బాయి, ఇక్కడి యాసలోనే మాట్లాడే అబ్బాయి, "నేను ఎక్కడా పని చేయలేదు" అని చెప్పి తలదించుకుంటాడు. ఎందుకు చేయలేదో చెప్పడు. వీసా మాట ఎత్తితే సీటు పోతుందేమోనని భయం. ఎదుటివాళ్లకు మాత్రం కౌంటరు వెనుక ఒక్క రోజైనా నిలబడకుండా ఫార్మసీకి వచ్చేశాడు, శ్రద్ధ లేదు అనిపిస్తుంది. ఇలాంటి అబ్బాయికి ఒక కాలేజీవాళ్లు, "ఈ వృత్తి మీద మీకున్న నిబద్ధత మాకు కనిపించలేదు" అన్న అర్థం వచ్చేలా చెప్పారు. వాడు వారానికి ఒక పూట ఉచిత క్లినిక్‌లో వాలంటీరుగా మందుల జాబితాలు సరిచూసేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి వాడూ చెప్పలేదు.

మీలో సగం మంది ఈ వీసాల మీద బతికినవాళ్లే. పక్కన కూర్చున్న ప్యానెల్ సభ్యుడికి హెచ్-4 అంటే ఏమిటో తెలియకపోవచ్చు, మీకు తెలుసు. ఆ ప్రశ్నను "జీతానికైనా, వాలంటీరుగా అయినా, ఇంట్లో అయినా, మందులు వాడే మనుషులతో నీకున్న అనుభవం చెప్పు" అని మార్పించండి. ఆ పిల్లలు ఎన్నో చెబుతారు. బామ్మ మాత్రల డబ్బా సర్దింది వాళ్లే, తాతయ్య ఇండియానుంచి వస్తే ఆయన మందుల పేర్లు ఇక్కడి పేర్లతో సరిపోల్చి డాక్టరుకి చెప్పింది వాళ్లే.

బామ్మ అంటే గుర్తొచ్చింది. "ఫార్మసీనే ఎందుకు?" అన్న ప్రశ్నకు మీరు వినే బామ్మల కథలు. బామ్మకు షుగర్, బామ్మకు బీపీ, చిన్నప్పుడే నిర్ణయించుకున్నాను అంటూ. ఆ కథ విన్నప్పుడు మీకు విసుగు వస్తుందని నాకు తెలుసు. దయచేసి అది అబద్ధమని అనుకోవద్దు. బామ్మలకు నిజంగానే షుగర్ ఉంది. నిజమైన జవాబు ఇంకోటి కూడా ఉండొచ్చు: మెడిసిన్ అనుకున్నాను, మార్కులు చాలవనిపించింది, కెమిస్ట్రీ ఇష్టం, స్థిరమైన ఉద్యోగం కావాలి, ఇంట్లో ఫార్మసీ మంచిదన్నారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ అలా చెబితే "రెండో ఎంపికగా వచ్చింది" అని రాస్తారని ప్రతి పిల్లకీ తెలుసు. అందుకే కథ కంఠస్థం చేస్తారు. నిజం చెబితే మార్కు పోయే ప్రశ్న అడిగి, నిజాయితీకి మార్కులు వేయడం ఎలా కుదురుతుంది?

నేను మాక్ ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న మానేశాను. "కౌంటరు దగ్గర నువ్వు చూసినవాటిలో మరిచిపోలేనిది చెప్పు" అంటాను. ఒక అబ్బాయి చాలాసేపు ఆలోచించి, అది పెద్ద విషయం కాదంటూనే మొదలుపెట్టాడు. జనవరి మొదటి వారం. ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టేముందు మనం సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం) మళ్లీ సున్నానుంచి మొదలైంది. ఒక పెద్దాయన రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్ రీఫిల్ కోసం వచ్చాడు. డిసెంబరులో కట్టినదానికి ఎన్నో రెట్లు చూపిస్తోంది స్క్రీన్. "సరే, వచ్చే నెల చూస్తాలే" అని ఆయన వెనుదిరిగాడు. వీడు సంచీని తిరిగి డబ్బాలో పెట్టబోయాడు. లోపల ట్రే మీద మాత్రలు లెక్కపెడుతున్న ఫార్మసిస్టు, గరిట అక్కడే వదిలేసి బయటికొచ్చి ఆయన్ని ఆపింది. ఈ మందు ఉన్నట్టుండి మానేస్తే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు, ఒక్క రోజు కూడా ఆపొద్దు, ఇక్కడే కూర్చోండి అంది. డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, హోల్డ్‌లో ఉండి, శాంపిళ్లు ఉన్నాయో లేదో కనుక్కుని, ఆయన్ని అటు పంపింది. డ్రైవ్-త్రూలో కార్లు వరుస కట్టాయి, జనం అరిచారు. "ఆమె కంప్యూటర్లో చేసిన పని ఏమీ లేదు, ఎక్కడా లెక్కలోకి రాదు. కానీ ఆ రోజు ఆమె చేసిన అసలు పని అదే కదా ఆంటీ" అన్నాడు.

ఫార్మసీ ఎందుకు అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు. వాడు అప్పటికి రెండు ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చాడు. ఆ రెండు చోట్లా బామ్మ కథే చెప్పాడు.

రికార్డు చేసే వీడియో ఇంటర్వ్యూల గురించి ఎక్కువ చెప్పను. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ముప్పై సెకన్లో నిమిషమో అంకెలు తగ్గుతూ పోతాయి, తర్వాత ఎర్ర చుక్క వెలుగుతుంది. ఎదురుగా మనిషి ఉండడు. అపార్ట్‌మెంట్లో నలుగురు ఉండే ఇంట్లో, నాన్న టీవీ ఆపి, అమ్మ కుక్కరు దించి, తమ్ముణ్ణి బయటికి పంపి, ఆ పిల్ల తన ముఖాన్ని తనే చూసుకుంటూ కరుణ గురించి మాట్లాడాలి. ఖర్చు తగ్గుతుందని, విమానం టికెట్లు అక్కర్లేదని దానికి ఒప్పుకుంటాను. కానీ పేషెంటుతో ఎలా మాట్లాడుతుందో తెలుసుకోవడానికి, మాట్లాడటానికి ఎవరూ లేని గదిలో కూర్చోబెట్టడం నాకు సరిగా అనిపించదు.

ఇక ఎవరూ పైకి అనని సంగతి. 2000 నాటికి ఈ దేశంలో ఎనభై చిల్లర ఫార్మసీ కాలేజీలు ఉండేవి, ఇప్పుడు దాదాపు 140 ఉన్నాయి. దరఖాస్తులు మాత్రం గత దశాబ్దంలో బాగా పడిపోయాయి. అందువల్ల చాలా కాలేజీల్లో ఇంటర్వ్యూ రోజు సగం పరీక్ష, సగం ప్రచారం అయింది. ఉదయం ప్రశ్నలు, మధ్యాహ్నం తెల్లకోట్లు వేసుకున్న సీనియర్లతో భోజనం, ల్యాబుల్లో తిప్పడం, చేతిలో టీషర్టు. కొద్ది రోజులకే సీటు వచ్చిందని ఫోన్, వెనకే డిపాజిట్ గడువు. ఇంట్లో పండగ. ఎంసెట్ ర్యాంకు లెక్కల్లో పెరిగిన తల్లిదండ్రులకు సీటు రావడమంటే పిల్లకు ఆ చదువు పూర్తి చేసే శక్తి ఉందని ఎవరో పరీక్షించి ధ్రువీకరించినట్టే. వాళ్లు అలాగే నమ్ముతారు.

లైసెన్సు పరీక్ష నాప్లెక్స్ సంగతి మీకు తెలుసు. 2010ల తొలి ఏళ్లలో మొదటి ప్రయత్నంలో పాసయ్యేవాళ్లు 90 శాతం పైన ఉండేవాళ్లు. 2022కి అది 80 శాతం దగ్గరికి జారింది, మరుసటి ఏడు ఇంకా తగ్గింది. కొన్ని కాలేజీల్లో 60 శాతం లోపే. కాలేజీలవారీగా అంకెలు ఏటా ఆ పరీక్ష నడిపే సంస్థ ఎన్.ఏ.బి.పి. ప్రకటిస్తుంది, రహస్యమేమీ లేదు. చేరినవాళ్లలో నాలుగేళ్లకు సకాలంలో పట్టా తీసుకున్నవాళ్లు ఎంతమందో కూడా కాలేజీ దగ్గర ఉంటుంది. కానీ ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అంటే మన పిల్లలు ఇవి అడుగుతారా? మార్కులు వేసే మనిషినే, మీ కాలేజీలో ఎంతమంది ఫెయిలవుతారు అని ఎలా అడుగుతారు? క్యాంపస్ చాలా బాగుంది, రీసెర్చ్ అవకాశాలు ఎలా ఉంటాయి అని అడిగి వస్తారు. నేనే అలా అడిగి రమ్మని చెబుతాను, వేరే ఏం చెప్పను?

డబ్బు సంగతి ఇంకా గట్టిది. అప్పు చేసి ఫార్మ్.డి. చదివినవాళ్ల సగటు అప్పు లక్షన్నర డాలర్ల చుట్టూ ఉంటోంది. 2026 జూలై 1నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు, ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లకు పరిమితం. ఫీజు, అద్దె కలిపి అంతకు మించే ప్రైవేటు కాలేజీలో మిగిలినదానికి బ్యాంకు దగ్గర తండ్రి సంతకం పెట్టాలి. వీసా మీద ఉన్న పిల్లలకైతే ఆ ఫెడరల్ అప్పు అసలే లేదు, మొత్తం తండ్రి సంతకమే. మరోవైపు పెద్ద మందుల దుకాణాల గొలుసుల్లో రైట్ ఎయిడ్ 2025లో పూర్తిగా మూతపడింది. సీవీఎస్ కొన్నేళ్లలో వందల దుకాణాలు మూసింది. వాల్‌గ్రీన్స్ 1,200 దుకాణాలు మూస్తామని 2024లో ప్రకటించింది. ఉద్యోగాలు లేవని నేను అనను. హాస్పిటళ్లలో ఉన్నాయి, క్లినిక్‌లలో పెరుగుతున్నాయి, జీతాలు ఇప్పటికీ గౌరవంగానే ఉన్నాయి. నాకు ఈ వృత్తి ఇష్టం, మళ్లీ ఎంచుకోమన్నా ఇదే ఎంచుకుంటాను. అందుకే పిల్లలు కళ్లు తెరుచుకుని రావాలని కోరుకుంటున్నాను.

నేను చదివిన కాలేజీలో మా బ్యాచ్‌లో మొదటి ఏడాదే ఆగిపోయిన తెలుగు అబ్బాయి ఒకడున్నాడు. ఇంటర్వ్యూలో వాడికి అన్నీ బాగా చెప్పాడని మెచ్చుకున్నారు. కెమిస్ట్రీ పునాది బలహీనంగా ఉంది, చేరేలోపు ఫలానాది చదువుకో అని ఒక్కరు చెప్పి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. అప్పు మాత్రం చాలా ఏళ్లు కట్టాడు.

కాబట్టి మీ చేతుల్లో ఉన్నది చేయండి. స్కోరింగ్ షీట్లు మూసి, కవర్లో పెట్టేశాక, మార్కులతో సంబంధం లేని ఒకరు పిల్లలతోనూ, వీలైతే వాళ్ల తల్లిదండ్రులతోనూ కూర్చునే అరగంట ఏర్పాటు చేయించండి. ఆ కూర్చునేది మీరే అయితే మరీ మంచిది. మూడేళ్ల నాప్లెక్స్ ఫలితాలు, సకాలంలో పూర్తి చేసినవాళ్ల శాతం, నాలుగేళ్ల మొత్తం ఖర్చు ఒక కాగితం మీద రాసి అందరి చేతికీ ఇప్పించండి. అంకెలు బాగా లేకపోతే, బాగు చేయడానికి ఏం చేస్తున్నారో కూడా అందులో రాయండి. సీటు రాని పిల్లలకు ఎందుకు రాలేదో రెండు వాక్యాలు రాసి పంపండి. "పోటీ ఎక్కువగా ఉంది" అన్న ఉత్తరంతో వాళ్లు ఏమీ నేర్చుకోలేరు, మరుసటి ఏడు అదే బామ్మ కథతో మళ్లీ వస్తారు.

కాలేజీ ఒప్పుకోదని మీరు అనొచ్చు, ఉద్యోగం మీది, నాకు అర్థమవుతుంది. టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) ఉన్నవాళ్లు ముందు మాట్లాడండి. లేనివాళ్లు కనీసం ఆ షీట్‌లో ఒక గడి గురించి, ఆ ఒక్క పని-అనుభవం ప్రశ్న గురించి అడగండి. ఫార్మ్‌క్యాస్ కొత్త దరఖాస్తులు వేసవిలో తెరుచుకుంటాయి, శరత్కాలానికి ఇంటర్వ్యూలు మొదలవుతాయి. అడ్మిషన్ కమిటీలు తమ ప్రశ్నలూ షీట్లూ సరిచూసుకునేది ఈ మధ్యలోనే. వచ్చే సమావేశం అజెండాలో దీన్ని పెట్టించండి. పిల్లల అనుభవాలు నేరుగా వినాలనుకుంటే, పేర్లు లేకుండా మాట్లాడటానికి నా దగ్గర మాక్ ఇంటర్వ్యూలు చేసిన పిల్లలు సిద్ధంగా ఉన్నారు. నేను వాళ్లను అడిగే రాస్తున్నాను.

గౌరవంతో,
ఒక తెలుగు ఫార్మసిస్టు